కారణం అనే గడిల

బల్లార్‌పూర్‌ల నలభై ఏడు డిగ్రీలు.
నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోకుండ
కాంటీన్ కూలర్ ముందర ముగ్గురం కూచున్నం:
నేను, ఓదేలు, వాన్‌ఖడే.
పాత డ్యూటీ చార్టు తిరగేసి
ఓదేలు ఒక గుట్ట గీసిండు.
గుట్ట నెత్తిన పొగ గీసిండు.
పొగ కింద మంచు గీయాలె.
పెన్నేమో నల్లది, కాయితం తెల్లది,
ఏం గీయకుండ వదిలేసి
"ఇగో, ఇదే మంచు" అన్నడు.

న్యూజిలాండ్‌ల ఉన్నదట, రువాపెహు.
నెత్తి మీద ఉడుకునీళ్ల చెరువు, నడుముకు ఐసు.
మనం మృగశిరకు చేపలు తినే రోజులల్ల
అక్కడ మంచు మొదలయితదట.
జారే చోటు పేరు 'వ' తోని రాసి 'ఫ' తోని పలకాలట:
ఫకపాప.
"పాప ఉన్నది, భయం లేదు" అన్న నేను.
"మా మరాఠీల పాప్ అంటే పాపమే"
అన్నడు వాన్‌ఖడే, చాయ్ ఊదుకుంట.

లెక్కలు నా వంతు.
నాగపూర్ నుంచి మూడు విమానాలు.
బూట్ల కిరాయి, చేతిజోళ్ల కిరాయి,
రెండు కాళ్లకు రెండు బద్దలయితే ఒక రేటు,
రెండు కాళ్లకు ఒకటే పలకయితే ఇంకో రేటు.
"హెల్మెట్ మనదే తీస్కపోదం,
లైటు గూడ ఉన్నది" అంటడు ఓదేలు.
బోనస్ పైసలు, చిట్టి పైసలు,
ఓదేలు అమ్ముతనంటున్న బుల్లెట్ బండి.
వాన్‌ఖడే భార్యకు ఇంకా చెప్పలే,
అది గూడ ఒక ఖర్చే, రాసుకున్న.

బీమా కాయితంల అడుగున సన్న అక్షరాలు:
అగ్నిపర్వతం పేలితే మాకు పూచీ లేదు.
ముగ్గురం కొంచెంసేపు మాట్లాడలే.
కిటికీల నుంచి మా నాలుగో నంబరు మట్టిగుట్ట కనబడుతున్నది.
లోపల బొగ్గు రాజుకొని పదకొండేండ్లు.
తొలివానకు ఆవిరి లేస్తది,
కుక్కలు చలికాలం దాని పక్కనే పండుకుంటయి.
దానికి పూచీ ఎవలిదో
ఎన్నడన్న అడిగినమా?

వరోరా దాటినంక నల్లరేగడి అంతా
ఒకప్పుడు కరిగి పారిన రాయేనని
ఆరో తరగతిల ధోటే గురూజీ చెప్పిండు.
అయితే మా పెద్దమ్మ ఏరిన పత్తి గూడ
అగ్నిపర్వతం మీద పడ్డ మంచే.
ఈ మాట ఓదేలుకు చెప్తే
"మరి ఇంక విమానమెందుకు?" అని నవ్విండు.
నాకు నవ్వు రాలే.

ఐతారం పొద్దున, ఎండ ముదరకముందే
మండని గుట్ట ఒకటి చూసుకున్నం.
తెగిపోయిన కన్వేయర్ బెల్టు
మూడు ఫీట్లు కోసి తెచ్చిండు ఓదేలు.
వాన్‌ఖడే బిడ్డ అశ్లేష ఫోన్‌ల చూసి చెప్తున్నది:
జారుడు తర్వాత, ముందు ఆగుడు నేర్సుకోవాలె.
బద్దలయితే ముందు కొసలు దగ్గరికి,
మడమలు దూరం, సమోసా లెక్క.
పలకయితే అడ్డం తిరగాలె.

ఇరవై రెండేండ్ల సంది డంపర్ నడుపుతున్న.
యాభై టన్నులతోని దిగినోన్ని.
దిగేటప్పుడు గేరు తియ్యొద్దని
కొత్త పోరగాండ్లకు నేర్పినోన్ని.
ఇక్కడ గేరు లేదు.
నా సొంత బరువు డెబ్బై రెండు కిలోలు,
అదొక్కటే నేనెన్నడు నడపలే.

అడ్డం తిరగలే. ఆగలే.
మోకాలు చెక్కుకపోయింది, నోట్లె బుగ్గి,
కింద తుమ్మచెట్టు పట్టుకున్నది నన్ను.
పైనుంచి ముగ్గురు అరుస్తున్నరు,
తిడుతున్నరో మెచ్చుకుంటున్నరో
గాలికి తెలుస్తలేదు.
లేసి మళ్ల ఎక్కిన.

సోమవారం సెలవు ఫారాలు నింపినం.
కారణం అనే గడిల
వాన్‌ఖడే 'ఇంటి పని' అని రాసిండు.
నేను 'వైద్యం' అని రాసిన, మోకాలు సాక్ష్యం.
ఓదేలు ఒక్కడు
'జారుడు' అని రాసి సంతకం పెట్టిండు.

టైం ఆఫీసుల దుర్గం లస్మన్న
నవ్వడు, ఎవలికి తెల్వంది కాదు.
చదివిండు. అద్దాలు తీసి
అంగీ కొసకు తుడిచి, పెట్టుకొని మళ్ల చదివిండు.
"ఎంత దూరం?" అన్నడు.

"పోవుడా, జారుడా?" అన్నడు ఓదేలు.